చెరిపినా మిగిలిన చేతులు: రావెన్నా చర్చిల చరిత్ర

క్రీ.శ. 402లో పశ్చిమ రోమన్ చక్రవర్తి హొనోరియస్ తన కొలువును మిలాన్ నుంచి రావెన్నాకు తరలించాడు. విసిగోతుల నాయకుడు అలారిక్ ఉత్తర ఇటలీలోకి చొరబడి మిలాన్‌ను ముట్టడించిన రోజులవి. మైదానం నడుమ ఉన్న మిలాన్‌కు సహజమైన రక్షణ లేదు. అడ్రియాటిక్ తీరాన ఉన్న రావెన్నా చుట్టూ చిత్తడి నేలలు, ఉప్పుకయ్యలు, పో నది పాయలు ఉండేవి. పక్కనే ఉన్న క్లాస్సే రేవు అగస్టస్ కాలం నుంచీ రోమన్ నౌకాదళ స్థావరం. శత్రువు ఊరిని చుట్టుముట్టినా సముద్రం మీదుగా ధాన్యం వస్తుంది; పరిస్థితి మరీ విషమిస్తే కాన్‌స్టాంటినోపుల్‌కు ఓడ ఎక్కవచ్చు. ప్రాణభయంతో ఎంచుకున్న ఈ బురదనేల మీదే తరువాతి నూట యాభై ఏళ్లలో ఐరోపా క్రైస్తవ వాస్తుకళలోని అపురూపమైన కట్టడాలు కొన్ని లేచాయి.

ఆ నూట యాభై ఏళ్లలో రావెన్నా ప్రధానంగా మూడు ప్రభుత్వాలను చూసింది. మొదట పశ్చిమ రోమన్ చక్రవర్తులు, తరువాత ఆస్ట్రోగోతు రాజులు, ఆ పైన కాన్‌స్టాంటినోపుల్ నుంచి ఏలిన తూర్పు రోమన్ చక్రవర్తి జస్టీనియన్ ప్రతినిధులు. అధికారం మారిన ప్రతిసారీ కొత్త పాలకులు చర్చిలు కట్టించారు, పాత చర్చిల పేర్లు మార్చారు, గోడల మీది బొమ్మలను సరిదిద్దారు. అయితే కూల్చడం మాత్రం అరుదు. గెలిచినవారు ఓడినవారి ప్రార్థనాలయాలను నిలబెట్టి తమవిగా చేసుకున్న తీరు ఇక్కడ గోడల మీదే చదవగలం. యునెస్కో 1996లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన 8 రావెన్నా కట్టడాలను అందం కోసం చూసేవారే ఎక్కువ. అవి అంతకు తగ్గకుండా రాజకీయ చరిత్రకు పత్రాలు కూడా.

బయట ఇటుక, లోపల గాజు

రావెన్నా పాత చర్చిల వెలుపలి గోడలకు అలంకారం దాదాపు లేదు. ఎర్రని ఇటుక, సున్నపు పొరలు, కిటికీల మీద సాదా కమానులు, అంతే. వ్యయమంతా, పనితనమంతా లోపలికే వెళ్లింది. గోడల కింది భాగానికి పాలరాతి పలకలు, పై భాగానికి మొజాయిక్. రంగు గాజును చిన్న చిన్న ఘనాలుగా కోసి తడి గచ్చులో ఒక్కొక్కటిగా అదిమేవారు. బంగారు ఘనాల కోసం పలుచని బంగారు రేకును రెండు గాజు పొరల మధ్య పెట్టేవారు. ఘనాలన్నీ ఒకే మట్టంలో ఉండవు, కొంచెం కొంచెం వాలుగా ఉంటాయి. అందుకే చూసేవాడు అడుగు కదిపినప్పుడల్లా వెలుగు చోటు మారుతుంది.

నేల మెత్తనిది కావడం వల్ల కప్పుల బరువు తగ్గించడం ఇక్కడ తప్పనిసరి. దానికి మేస్త్రీలు వాడిన ఉపాయం కాల్చిన మట్టి గొట్టాలు. లోపల బోలుగా ఉండే ఈ గొట్టాల కొస సన్నగా ఉంటుంది. ఒకదాని కొసను మరొకదాని నోట్లోకి దూర్చి, వలయం మీద వలయంగా పేర్చి, సున్నంతో బిగిస్తే గుమ్మటం తయారవుతుంది. రాతి గుమ్మటంతో పోలిస్తే దీని బరువు ఎంతో తక్కువ. గోడలను మరీ మందంగా కట్టాల్సిన పని లేదు, పెద్ద పెద్ద కిటికీలు పెట్టుకోవచ్చు. రావెన్నా మొజాయిక్‌ల వెలుగు వెనుక ఈ మట్టి గొట్టాల లెక్క ఉంది.

లోపలికీ వెలుపలికీ ఉన్న ఈ తేడా బాగా కనిపించే చోటు గాల్లా ప్లాసిడియా సమాధిమందిరంగా పేరుపడిన చిన్న కట్టడం. గాల్లా ప్లాసిడియా హొనోరియస్‌కు సవతి చెల్లెలు. 410లో అలారిక్ రోమ్‌ను దోచుకున్న కాలంలో విసిగోతులకు బందీగా చిక్కింది, తరువాత వారి రాజు అతాల్ఫ్‌ను పెళ్లాడింది. అతడు హత్యకు గురయ్యాక తిరిగివచ్చి రోమన్ సేనాని కాన్‌స్టాంటియస్‌ను పెళ్లి చేసుకుంది. 425 నుంచి తన పసివాడైన కొడుకు మూడవ వాలెంటీనియన్ పేరిట పశ్చిమ సామ్రాజ్యాన్ని నడిపించింది. ఆమె 450లో రోమ్‌లో చనిపోయింది. ఈ మందిరంలో ఆమెను పాతిపెట్టారనడానికి ఆధారం లేదు. శిలువ ఆకారంలో ఉన్న ఈ కట్టడం మొదట హోలీ క్రాస్ చర్చి ముఖమండపానికి ఆనుకుని ఉండేది. ఇప్పుడు చుట్టుపక్కల నేల సుమారు ఒకటిన్నర మీటరు పెరగడంతో భూమిలో కూరుకుపోయినట్టు పొట్టిగా కనిపిస్తుంది.

లోపల కప్పంతా ముదురు నీలం. నడుమ బంగారు శిలువ, దాని చుట్టూ వందలాది నక్షత్రాలు, నాలుగు మూలల్లో నలుగురు సువార్తికుల చిహ్నాలు. ద్వారం పైన మంచి కాపరిగా క్రీస్తు గొర్రెల మధ్య కూర్చున్నాడు. గడ్డం లేని యువకుడు, బంగారు అంగీ, చేతిలో కర్రకు బదులు శిలువ. పల్లె కాపరి బొమ్మ రోమన్ కళలో పాతదే. దానికి రాజవస్త్రం తొడిగి దేవుడి కుమారుడిగా చూపడంలో 5వ శతాబ్దపు మార్పు కనిపిస్తుంది. హింసకు గురవుతూ నేలమాళిగల్లో సమాధులకు బొమ్మలు వేసుకున్న మతం ఇప్పుడు చక్రవర్తుల మతం. లోపలి మసక వెలుతురుకు కారణమైన పాలరంగు అలబాస్టర్ పలకలు మాత్రం 5వ శతాబ్దానివి కావు. 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో కిటికీలకు బిగించినవి.

రెండు బాప్తిస్మ మందిరాలు

476లో ఒడోయేసర్ చివరి పశ్చిమ రోమన్ చక్రవర్తి రొములస్ అగస్టులస్‌ను గద్దె దించి, రావెన్నా నుంచే ఇటలీని ఏలాడు. ఆస్ట్రోగోతు రాజు థియోడోరిక్ అతడి మీదికి వచ్చి, సుమారు మూడేళ్లు రావెన్నాను ముట్టడించి, 493లో సంధి చేసుకుని, విందుకు పిలిచి చంపాడు. అలా నెత్తుటితో మొదలైన పాలన 526 దాకా సాగింది. చాలా ఏళ్లు ఇటలీకి శాంతి దొరికింది కూడా ఆ పాలనలోనే.

గోతులూ క్రైస్తవులే. కాకపోతే వారిది ఏరియన్ శాఖ. కుమారుడు తండ్రి చేత సృష్టి అయినవాడనీ, తండ్రితో సమానుడు కాడనీ ఆ శాఖ విశ్వాసం. 325లో నికయా సభ ఈ సిద్ధాంతాన్ని ఖండించింది. రావెన్నాలోని రోమన్ ప్రజలు నికయా విశ్వాసాన్ని పాటించేవారు. పాలక గోతులు ఏరియన్లు. థియోడోరిక్ ఎవరి చర్చినీ లాక్కోలేదు. తన వారికోసం వేరే కతీడ్రల్, వేరే బాప్తిస్మ మందిరం కట్టించాడు. మతాన్ని ఆజ్ఞతో రుద్దలేమన్న భావం ఆయన పేరిట మంత్రి కాసియోడోరస్ రాసిన ఉత్తరాల్లో ఉంది. చివరి ఏళ్లలో ఆ ఓర్పు సడలింది. తత్త్వవేత్త బొయీథియస్‌కు మరణశిక్ష పడింది. పోప్ మొదటి జాన్ 526లో రావెన్నా చెరలోనే చనిపోయాడు.

అందుకే రావెన్నాలో ఒకే పనికి రెండు మందిరాలు. పాతది 5వ శతాబ్దం మొదట్లో మొదలై, శతాబ్దం మూడో పాదంలో బిషప్ నియోన్ కాలంలో గుమ్మటమూ మొజాయిక్‌లూ సంతరించుకున్న ఎనిమిది కోణాల కట్టడం. దాని అసలు నేల ఇప్పటి నేలకు దాదాపు 3 మీటర్ల కింద ఉంది. రెండోది దాని నమూనాలోనే 500 ప్రాంతంలో ఏరియన్ల కోసం లేచింది. రెండు గుమ్మటాల నడుమా ఒకే దృశ్యం: యొర్దాను నీళ్లలో క్రీస్తు, ఒడ్డున బాప్తిస్మమిచ్చు యోహాను, పైనుంచి దిగుతున్న పావురం, పక్కన ముసలివాడి రూపంలో యొర్దాను నది. చుట్టూ పన్నెండుగురు అపొస్తలులు. నియోన్ మందిరంలో వారు పూలతీగల వంటి అలంకారాల మధ్య చకచకా నడుస్తున్నట్టుంటారు. ఏరియన్ మందిరంలో బంగారు నేపథ్యం మీద నెమ్మదిగా, శిలువ నిలిపిన ఖాళీ సింహాసనం వైపు సాగుతారు.

సిద్ధాంతం కోసం సభలు పెట్టి ఒకరినొకరు బహిష్కరించుకున్న రెండు శాఖలు ఒకే బొమ్మ కింద బాప్తిస్మం పొందాయి. పనివారు, పనితనం, చిత్రసంప్రదాయం రెండు వర్గాలకూ ఉమ్మడివి. నిత్యజీవితంలో ఆ రెండు సమాజాలు ఎంత దగ్గరగా మెలిగాయో ఈ జంట గుమ్మటాలు చూపుతాయి. మతవివాద గ్రంథాలు మాత్రమే చదివితే ఈ దగ్గరితనం తెలియదు.

తెరలు కప్పిన రాజభవనం

థియోడోరిక్ తన భవనం పక్కన 6వ శతాబ్దపు తొలి ఏళ్లలో క్రీస్తు పేరిట ఒక బాసిలికా కట్టించాడు. పొడవైన నడిమి శాల, రెండు పక్కలా వసారాలు, శాలకూ వసారాలకూ మధ్య వరుసకు 12 చొప్పున 24 పాలరాతి స్తంభాలు. స్తంభాల పైన గోడ మీద మూడు అంతస్తుల మొజాయిక్. పై వరుసలో క్రీస్తు జీవిత ఘట్టాలు ఒక్కో వైపు 13, మొత్తం 26. కిటికీల మధ్య ప్రవక్తలు, పుణ్యపురుషులు. అడుగు వరుసలో ఒక గోడ చివర క్లాస్సే రేవు, ఎదుటి గోడ చివర థియోడోరిక్ రాజభవనం.

540లో జస్టీనియన్ సేనాని బెలిసారియస్ రావెన్నాను పట్టుకున్నాడు. ఇటలీ అంతటా గోతులతో యుద్ధం ఇంకా పదేళ్లకు పైగా సాగింది. అది ముగిసే సరికి ఏరియన్ శాఖ నిషిద్ధమైంది, దాని ఆస్తులు నికయా చర్చికి దఖలు పడ్డాయి. 557 నుంచి 570 వరకు బిషప్‌గా ఉన్న అగ్నెల్లుస్ ఈ బాసిలికాను మళ్లీ ప్రతిష్ఠించి, ఏరియన్లకు ప్రతికూలుడిగా పేరొందిన టూర్స్ బిషప్ పునీత మార్టిన్ పేరు పెట్టాడు. 9వ శతాబ్దంలో పునీత అపొల్లినారిస్ అస్థికలను క్లాస్సే నుంచి ఇక్కడికి తెచ్చారన్న నమ్మకంతో వచ్చిన పేరే ఇప్పటి సాంత్ అపొల్లినారే నువోవో.

అగ్నెల్లుస్ ఏం తీయించాడు, ఏం ఉంచాడు అన్నది గమనించాలి. క్రీస్తు జీవిత దృశ్యాలను తాకలేదు. ప్రవక్తలనూ తాకలేదు. అడుగు వరుసలో మాత్రం గోడ చాలా వరకు తిరగరాయించాడు. ఇప్పుడు ఒక వైపు రేవు నుంచి 22 మంది కన్యలు, వారి ముందు తూర్పు జ్ఞానులు మరియమ్మ ఒడిలోని శిశువు వైపు నడుస్తుంటారు. మరో వైపు రాజభవనం నుంచి 26 మంది హతసాక్షులు మార్టిన్ వెనుక క్రీస్తు వైపు సాగుతుంటారు. ఊరేగింపు మొదట్లో ఎవరు ఉండేవారో చెప్పే పత్రం లేదు. థియోడోరిక్ కొలువువారే అయి ఉంటారని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం.

రాజభవనం బొమ్మ మీద లాటిన్‌లో భవనం అన్న అక్షరాలు ఇప్పటికీ ఉన్నాయి. స్తంభాల మధ్య మనుషులు ఉండాల్సిన చోట తెల్లని తెరలు వేలాడుతున్నాయి, నడిమి ద్వారం వెనుక ఉత్త బంగారు రంగు. పనివారు మనుషులను తొలగించి తెరలు కూర్చారు గానీ, ఆ మనుషుల చేతులు కొన్ని స్తంభాల మీదికి చాచి ఉన్నాయి. స్తంభాల భాగాన్ని మార్చే అవసరం లేకపోవడంతో ఆ చేతులు అలాగే మిగిలాయి. వేళ్లు, ముంజేతులు స్తంభాలకు అంటుకుని పధ్నాలుగు వందల ఏళ్లుగా కనిపిస్తూనే ఉన్నాయి. రేవు పక్కనున్న కోటగోడ బొమ్మలోనూ ఆకారాలను పూడ్చిన చోట ఘనాల వరుస తేడాగా ఉంటుంది.

తొందరపాటులో మిగిలిపోయాయా, కావాలనే మిగిల్చారా అన్నది తేల్చలేం. ఫలితం మాత్రం స్పష్టం. ఓడినవారి రాజును చెరిపేయడానికి తిరగరాసిన గోడే ఆ రాజు ఇక్కడ ఉండేవాడని సాక్ష్యం చెబుతోంది. గోతుల చర్చిని పూర్తిగా పడగొట్టి ఉంటే వారి కళను గురించి ఇవాళ ఊహలే మిగిలేవి.

రాని చక్రవర్తి బొమ్మ

రావెన్నాలో అన్నిటికన్నా ప్రసిద్ధమైన సాన్ విటాలే చర్చిని జస్టీనియన్ కట్టడంగా చెప్పుకోవడం పరిపాటి. అయితే దాని పని మొదలైంది గోతుల పాలనలోనే. 525–526లో థియోడోరిక్ కాన్‌స్టాంటినోపుల్‌కు పంపిన రాయబారంలో పోప్ జాన్‌తో పాటు రావెన్నా బిషప్ ఎక్లీసియస్ కూడా వెళ్లాడు. తిరిగి వచ్చాక ఆయన ఈ చర్చికి పూనుకున్నాడు. డబ్బు ఇచ్చినవాడు జూలియస్ అర్జెంటారియస్. వడ్డీ వ్యాపారి అయి ఉంటాడని పండితుల అంచనా. 9వ శతాబ్దంలో రావెన్నా బిషప్పుల చరిత్ర రాసిన ఆండ్రియాస్ అగ్నెల్లుస్ అనే మతగురువు, తరువాత కనుమరుగైన ఎన్నో శాసనాలను నకలు తీసుకున్నాడు. వాటి ప్రకారం ఈ చర్చికి 26,000 బంగారు సొలిదుస్ నాణేలు ఖర్చయ్యాయి. 547లో బిషప్ మాక్సిమియన్ దీన్ని ప్రతిష్ఠించాడు.

కట్టడం నమూనా ఇటలీకి కొత్త. ఎనిమిది కోణాల గోడ లోపల ఎనిమిది దిమ్మెల మీద మరో ఎనిమిది కోణాల మధ్యశాల, దాని మీద మట్టి గొట్టాల గుమ్మటం. దిమ్మెల మధ్య గోడ వెనక్కి వంగి అర్ధవృత్తాలుగా తెరుచుకుంటుంది. ఆ వంపుల్లో రెండు అంతస్తుల స్తంభాలు, వాటి వెనుక ప్రదక్షిణ మార్గం, పైన అంతస్తు. ఎక్కడ నిలబడినా గోడ ఎక్కడ ముగుస్తుందో ఒక్క చూపులో తెలియదు. స్తంభాలకు పాలరాయి మర్మరా సముద్రంలోని ప్రొకొనేసస్ దీవి గనుల నుంచి వచ్చింది. వాటి తలకట్లను రాయి లోతుగా తొలిచి జాలీ పనిగా చెక్కారు. నిర్మాణ నమూనాలో కాన్‌స్టాంటినోపుల్‌లోని పునీత సెర్జియస్, బాకస్‌ల చర్చితో పోలిక ఉంది. ఇటుకపని, గొట్టాల కప్పు మాత్రం పడమటి పద్ధతులు. రెండు సంప్రదాయాలను కలిపి కట్టిన చర్చి ఇది.

బలిపీఠం ఉన్న భాగంలో గోడలన్నీ అర్పణ గురించే మాట్లాడతాయి. హేబెలు గొర్రెపిల్లను, మెల్కీసెదకు రొట్టెను పైకెత్తుతున్నారు. అబ్రాహాము ఒక వైపు ముగ్గురు అతిథులకు వడ్డిస్తూ, మరో వైపు ఇస్సాకు మీద కత్తి ఎత్తుతూ కనిపిస్తాడు. కప్పు నడుమ గొర్రెపిల్ల. అర్ధవృత్తాకార కోష్ఠంలో నీలి గోళం మీద కూర్చున్న యువ క్రీస్తు పునీత విటాలిస్‌కు కిరీటం అందిస్తుంటే, మరో పక్క ఎక్లీసియస్ చర్చి నమూనాను చేతుల్లో పట్టుకుని నిలిచాడు.

దాని కిందే ఎదురెదురుగా జస్టీనియన్, థియోడోరాల పలకలు. రాజు ఊదా వస్త్రంతో, తల చుట్టూ కాంతివలయంతో, చేతిలో రొట్టె పళ్లెంతో ఉన్నాడు. రాణి చేతిలో ద్రాక్షారసపు పాత్ర, ఆమె అంగీ అంచున కానుకలు తెస్తున్న తూర్పు జ్ఞానుల కుట్టుపని. ఈ ఇద్దరూ ఎన్నడూ రావెన్నాకు రాలేదు. ప్రతి ఆరాధనలోనూ బలిపీఠం పక్కన వారి ఉనికిని ఈ బొమ్మలు నిలబెట్టాయి. అయితే అందరిలో పేరు రాసి ఉన్నది ఒక్కరికే, మాక్సిమియన్‌కు. పోలా నుంచి వచ్చిన అతణ్ణి 546లో చక్రవర్తి బిషప్‌గా నియమించినప్పుడు రావెన్నా ప్రజలు మొదట అంగీకరించలేదని ఆండ్రియాస్ అగ్నెల్లుస్ రాశాడు. చక్రవర్తి పక్కనే నిలబడి, తల పైన తన పేరు రాయించుకున్న బిషప్ ఎవరిని ఉద్దేశించి ఆ మాట చెబుతున్నాడో ఊరికి తెలిసే ఉంటుంది. గోతుల కాలంలో మొదలై, ఊరి వ్యాపారి డబ్బుతో లేచిన చర్చి ఇలా చక్రవర్తి విజయపత్రంగా, బయటి నుంచి వచ్చిన బిషప్ అధికారపత్రంగా మారింది.

ఒలిచిన పాలరాయి, వెనక్కి వెళ్లిన సముద్రం

549లో మాక్సిమియనే క్లాస్సేలో సాంత్ అపొల్లినారే బాసిలికాను ప్రతిష్ఠించాడు. దీనికీ జూలియస్ అర్జెంటారియస్ సహాయం ఉంది. కోష్ఠంలో క్రీస్తు రూపాంతర దృశ్యాన్ని మనుషులతో కాక గుర్తులతో చూపారు: 99 నక్షత్రాల నీలి వలయంలో పెద్ద శిలువ, పక్కల మేఘాల్లో మోషే, ఏలీయా, కింద ముగ్గురు శిష్యులకు బదులు మూడు గొర్రెలు. పచ్చిక మధ్య అపొల్లినారిస్ చేతులు చాచి ప్రార్థిస్తున్నాడు. 7వ శతాబ్దంలో పక్క గోడ మీద ఇంకో పలక చేరింది. 666లో రెండవ కాన్‌స్టాన్స్ చక్రవర్తి రావెన్నా చర్చిని రోమ్ అధికారం నుంచి తప్పించి స్వతంత్ర ప్రతిపత్తి ఇచ్చాడు. చక్రవర్తి చేతుల మీదుగా హక్కులు అందుకుంటున్న బిషప్‌ను ఆ పలక చూపుతుంది. ఆ ప్రతిపత్తి ఎన్నాళ్లో నిలవలేదు, పలక నిలిచింది.

751లో లాంబార్డు రాజు ఐస్తుల్ఫ్ రావెన్నాను పట్టుకోవడంతో ఇటలీలో బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) ముఖ్యపట్టణంగా దాని పాత్ర ముగిసింది. రేవు పూడిపోయింది, తీరం మైళ్ల దూరం తూర్పుకు జరిగింది. ఊరి వైభవాన్ని పొరుగువారు పంచుకున్నారు. 8వ శతాబ్దం చివర పోప్ మొదటి హేడ్రియన్ అనుమతితో ఫ్రాంకుల రాజు షార్లమేన్ ఇక్కడి రాజభవనం నుంచి పాలరాళ్లు తరలించాడు. ఆహెన్‌లో అతడు కట్టించిన ఎనిమిది కోణాల ప్రార్థనాలయం మీద సాన్ విటాలే ముద్ర ఉంది. 1449లో రిమినీ ప్రభువు సిగిస్మోండో మలాటెస్టా తన చర్చి కోసం క్లాస్సే బాసిలికా గోడల పాలరాతి పలకలను ఒలిపించుకుపోయాడు. ఈనాడు ఆ గోడలు ఉత్త ఇటుకే.

ఇంత పోయినా మిగిలింది ఎందుకు ఇంత ఉంది? దీనికి రెండు కారణాలు తోస్తాయి. మొదటిది దూరం. 8వ శతాబ్దంలో బైజాంటైన్ చక్రవర్తులు పవిత్ర చిత్రాలను నిషేధించినప్పుడు వారి మాట రావెన్నాలో చెల్లలేదు, జనం తిరగబడ్డారు. జస్టీనియన్ రాజధానిలో ఆ కాలపు మనుషుల బొమ్మలున్న మొజాయిక్‌లు చాలా వరకు నాశనమైతే, అతడు కాలుపెట్టని ఊరిలో అతడి ముఖం మిగిలింది. రెండోది పేదరికం. సంపద ఉన్న నగరాలు పాత చర్చిలను కూల్చి కొత్తవి కట్టుకున్నాయి. రోమ్‌లో కాన్‌స్టాంటైన్ నాటి పునీత పేతురు బాసిలికా 16వ శతాబ్దంలో అలాగే పోయింది. రావెన్నాలో డబ్బు దొరికిన చోట అదే జరిగింది: 5వ శతాబ్దం మొదటి నాటి కతీడ్రల్‌ను 18వ శతాబ్దంలో పడగొట్టి బరోక్ పద్ధతిలో కొత్తది కట్టారు. పాత కతీడ్రల్ మొజాయిక్‌లలో కొన్ని ముక్కలే మ్యూజియానికి చేరాయి.

ఆధునిక కాలపు దెబ్బలు వేరు. నియోన్ మందిరపు గుమ్మటం నడుమ క్రీస్తు, యోహానుల తలలు తరువాతి మరమ్మతులో కొత్తగా చేసినవి. 1916లో ఆస్ట్రియా విమానాల బాంబుకు సాంత్ అపొల్లినారే నువోవో ముందు భాగం దెబ్బతింది. సముద్రంలో తుఫాను నుంచి బయటపడ్డందుకు గాల్లా ప్లాసిడియా మొక్కు చెల్లించి కట్టించిన సువార్తికుడైన యోహాను చర్చి 1944 బాంబుదాడిలో చాలా వరకు కూలి, మళ్లీ లేచింది. రావెన్నాలోనే పుట్టిన కళాచరిత్రకారుడు కొర్రాదో రిచ్చి 1897లో ఇక్కడి స్మారకాల సంరక్షణ కార్యాలయానికి అధిపతి అయ్యాక పరిశోధనతో కూడిన మరమ్మతులకు బాట పడింది. ఆయన తరం ప్రాచీన రూపం కోసం తరువాతి కాలాల చేర్పులను తొలగించింది. ఏ పొర అసలైనది, ఏది అడ్డు అన్న ప్రశ్న బిషప్ అగ్నెల్లుస్‌తో తీరిపోయినది కాదని ఆ పనులే చెబుతాయి.

ఇప్పుడున్న పెద్ద శత్రువు కింద నుంచి వచ్చేది. ఊరు నిలిచిన ఒండ్రు నేల సహజంగానే కుంగుతుంది. 20వ శతాబ్దంలో భూగర్భ జలాన్నీ వాయువునూ తోడడంతో ఆ కుంగుబాటు వేగం పెరిగింది. 1321లో రావెన్నాలో కన్నుమూసిన కవి దాంతే అంత్యక్రియలు జరిగిన పునీత ఫ్రాన్సిస్ చర్చి నేలమాళిగలో ఎప్పుడూ నీరు నిలిచే ఉంటుంది. ఇటుకలోకి పాకే ఉప్పుతేమ మొజాయిక్ వెనుక గచ్చును తినేస్తుంది. మరమ్మతు చేసేవారు ఘనాలను గచ్చుకు తిరిగి అతికించడంతో పాటు నీటిమట్టాన్నీ, గాలిలో తేమనూ, సందర్శకుల రద్దీనీ లెక్కగట్టాల్సి వస్తోంది.

రావెన్నా చర్చిలు ఏ ఒక్క పాలకుడి కీర్తికో, ఏ ఒక్క శాఖకో సాక్ష్యం కావు. కట్టినవారు, ఖర్చు పెట్టినవారు, చెరిపినవారు, చెరపలేక వదిలేసినవారు అందరూ ఒకే గోడ మీద ఉన్నారు. కాబట్టే ఖాళీలను ఊహతో నింపకుండా, అతుకులను దాచకుండా కాపాడడం ఇక్కడ చరిత్రకు చేసే న్యాయం. పన్నెండు శతాబ్దాల పాటు ఆ కాపలాను ఊరి పేదరికం తెలియకుండానే చేసింది. ఇకపై దాన్ని ప్రజాధనంతో, శాస్త్రజ్ఞానంతో, తెలిసి చేయాలి.